కరడి మేడమ్ అనుమానం

గనిలో రాజశ్రీని అందరూ ‘కరడి మేడమ్’ అంటారు. ఎదురుగా అనరు, ఆమె వెనక్కి తిరగ్గానే అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కరడి అంటే కన్నడంలో ఎలుగుబంటి. మనిషి చూస్తే చీపురుపుల్లలా ఉంటుంది, ఆ జంతువుకూ ఈమెకూ ఎక్కడా పోలిక లేదు. ఆ పేరు వెనక కథ ఉంది, చెబుతాను. ముందు ఆమె అనుమానం గురించి చెప్పాలి, ఎందుకంటే అది ఆమె కంటే ముందే ఆ ఇంట్లో పుట్టింది.

ఆమె తాత వెంకటప్పయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి కంప్లి దగ్గర వలసరైతుల క్యాంపులో వరి పొలం చేసుకున్నాడు. దురదృష్టం కొద్దీ ఆయన పొలం కాలువ చివరన పడింది. కాలువ చివరన పొలం ఉన్నవాడు దేవుణ్ణయినా నమ్ముతాడేమో గానీ పైన పొలం ఉన్నవాణ్ణి నమ్మడు. వెంకటప్పయ్య తన తూము తలుపు సందులో తడి బంకమట్టి అద్ది, దానిమీద బొటనవేలు గట్టిగా నొక్కి వచ్చేవాడు. మర్నాడు వెళ్ళి ఆ వేలిముద్ర చెదరలేదని చూసుకుంటే తప్ప కాఫీ తాగేవాడు కాదు. ఒక ఏడాది ముద్ర ఎక్కడిదక్కడే ఉంది, మడిలో నీళ్ళు మాత్రం రోజురోజుకీ తగ్గుతున్నాయి. వారం రోజులు తలుపు చుట్టూ తిరిగాడు. చివరికి తేలిందేమిటంటే దొంగ తలుపు జోలికే పోలేదు, పక్కన గట్టుకు కన్నం పెట్టుకున్నాడు. ఈ కథను ఆయన మనవరాలికి అన్నంతో పాటు తినిపించాడు. ఆ పిల్ల అనుమానప్పక్షి కాక మరేమవుతుంది?

బళ్ళారిలో డిప్లొమా చదివి, బండ్రి దాపున ఇనుపరాయి గనిలో ఉద్యోగంలో చేరేసరికి ఆ బుద్ధికి తగ్గ పనే దొరికింది. ఆ గనికి సొంత సెల్ నెట్‌వర్క్ ఉంది. ఉత్తరం గుట్ట మీద ఒక టవరు, దక్షిణం గుట్ట మీద ఒకటి. కంపెనీ వాళ్ళ సిమ్ కార్డులు తప్ప బయటివి అక్కడ పలకవు. టిప్పర్లలో, కెమెరాల్లో, పనివాళ్ళ చేతి ఫోన్లలో, అన్నిటికంటే ముఖ్యంగా గని గోడల మీద పాతిన డబ్బాల్లో ఆ సిమ్‌లు ఉంటాయి. గోడ ఏ కాస్త ఒరిగినా డబ్బా కనిపెట్టి కబురు పంపుతుంది. అలాంటి డబ్బాలు పన్నెండు. ఏ సిమ్ ఏ డబ్బాలో పెట్టారో అందులోనే పలకాలి. తీసి ఇంకోదాంట్లో పెడితే నెట్‌వర్క్ గడప దాటనివ్వదు, రాజశ్రీ తెరమీద ఎర్రదీపం వెలుగుతుంది. అదీ ఆమె బంకమట్టి ముద్ర. రోజంతా దాన్నే చూస్తూ కూర్చోవడం ఆమె ఉద్యోగం.

మిగతావాళ్ళు ఎర్రదీపం వస్తే లేస్తారు. రాజశ్రీ పచ్చదీపం ఎక్కువసేపు ఉన్నా లేస్తుంది. సండూరు సంతలో టమాటాలు కొంటే తక్కెడ కింద చెయ్యి పెట్టి చూసే మనిషి ఆమె. ఆటోవాడు మర్యాదగా మాట్లాడితే దారి తప్పిస్తున్నాడేమో అనుకుంటుంది. ఆమెతో కాపురం కష్టం గానీ, కాపలాకు మాత్రం అలాంటివాళ్ళే కావాలి.

ఇక కరడి కథ. ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం ఏడో నంబరు డబ్బా ఉన్నట్టుండి ఊగిపోయింది. రాజశ్రీ ఆలోచించలేదు, పని ఆపించి, మూడువందల మందిని పైకి రప్పించింది. పూట పని పోయింది. తీరా వెళ్ళి చూస్తే గోడ గోడలాగే ఉంది. డబ్బా కట్టిన ఇనుపగుంజకు నల్లటి బొచ్చు అంటుకుని ఉంది. అడవిలోంచి వచ్చిన ఎలుగుబంటి ఎవరో వీపు గోక్కుని వెళ్ళారు. గని అంతా వారం రోజులు నవ్వింది. మేనేజరు శివరామకృష్ణయ్య మాత్రం నవ్వలేదు. హెచ్చరిక కాగితం చేతికిచ్చి, “ఇంకోసారి ఇట్లయితే నేను కాపాడలేను తల్లీ, పైనోళ్ళు నిన్ను ఇంటికి పంపిస్తారు” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. గొడవలంటే గిట్టని మనిషి, అంతే.

ఆ వారం నవ్వని ఇంకో మనిషి బసప్ప. గోడల మీది డబ్బాలు తుడవడం, బ్యాటరీలు మార్చడం ఆయన పని. అరవైకి దగ్గరపడ్డాడు. నుదుట మూడు విభూతి రేఖలు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. రాజశ్రీ కొత్తలో చేరినప్పుడు ఏ గోడ ఎటు పగులుతుందో, ఏ మట్టి వానకు ఎలా జారుతుందో చెప్పి, గని మొత్తం తిప్పి చూపించింది ఆయనే. ఆయన భార్య రుద్రమ్మ గనిలోనే కాలువలు తీసే ఆడవాళ్ళ గుంపుకు పెద్ద. ఆమె తెచ్చే జొన్నరొట్టెలో రాజశ్రీకి రోజూ సగం రొట్టె వాటా. రొట్టె ఇచ్చే చేతిని అనుమానించడం ఎంత అనుమానప్పక్షికైనా రాదు.

అనుమానించడానికి వేరే మనిషి ఉండనే ఉన్నాడు. చిదానంద అని, కాంట్రాక్టరు తరఫున వచ్చే టెక్నీషియన్. జూన్‌లో ఒకసారి చేతి ఫోన్లోంచి కంపెనీ సిమ్ తీసి తన సొంత ఫోన్లో వేసి చూశాడు. నెట్‌వర్క్ ఒప్పుకోలేదు, రాజశ్రీ తెర చెప్పేసింది. “సుమ్నె చూసినా మేడమ్, పలుకుతాదేమోనని” అన్నాడు. సుమ్నె అంటే ఊరికే అని. ఊరికే ఎవరైనా ఏదైనా చేస్తారా? రాజశ్రీ పైకి రాసింది, అతనికి చీవాట్లు పడ్డాయి. అప్పటినుంచి అతను ఆమె మొహం చూడడు, ఆమె అతని మీదినుంచి చూపు తియ్యదు.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు గనిలో పని ఉండదు. టిప్పర్లన్నీ కడిగి, కుంకుమ పెట్టి, బంతిపూలు కట్టి, బూడిదగుమ్మడికాయ కొడతారు. యంత్రాలన్నీ ఒకేసారి కదిలిస్తే, ఆపితే, కడిగితే రాజశ్రీ తెర నిండా హెచ్చరిక గంటలే గంటలు. అందుకని మేనేజరు, “తొమ్మిది నుంచి నాలుగు దాకా గంటలు మూసెయ్ తల్లీ, పండగ పూటన్నా ప్రశాంతంగా ఉండనీ” అన్నాడు. మూయడం ఆమెకు ఇష్టం లేదు. అయినా ఆగస్టు కాగితం గుర్తొచ్చి, మారుమాట్లాడకుండా మూసేసి, కంప్లి బస్సెక్కి ఇంటికి పోయింది. సాయంత్రం నాలుగుకు గంటలు వాటంతట అవే తెరుచుకున్నాయి. డబ్బాలన్నీ ఆ క్షణంలో తామున్న తీరునే సున్నాగా రాసుకుని మళ్ళీ కాపలాకు దిగాయి.

మర్నాడు, శుక్రవారం పొద్దున, ఆమె తెర ముందు కూర్చుని, అలవాటు ప్రకారం పచ్చదీపాలను అనుమానంగా చూసింది. ఏడాదిన్నరగా నాలుగో నంబరు డబ్బా ఉత్తరం టవరుతోనే మాట్లాడుతుంది, ఎందుకంటే అది ఉన్నది ఉత్తరం గోడ మీద. పదకొండో నంబరు దక్షిణం టవరుతో మాట్లాడుతుంది, అది పాత మట్టిదిబ్బ మీద ఉంది గనక. ఇప్పుడు నాలుగు దక్షిణం వైపు మాట్లాడుతోంది, పదకొండు ఉత్తరం వైపు. సిమ్ అదే, డబ్బా అదే, జత చెక్కు చెదరలేదు. దీపం పచ్చగానే ఉంది.

ఆమె దిగ్గున లేచింది. ఎవరో సిమ్‌కు నకలు తీశారనుకుంది. గోడ కదులుతున్నా కదలనట్టు కబుర్లు పంపి, గనిని మోసం చేస్తున్నారనుకుంది. ఎవరో ఏమిటి, చిదానందే. మేనేజరు దగ్గరికి పరుగెత్తింది.

“వాన పడతా ఉండాది, సిగ్నల్ అటూ ఇటూ అవుతాది” అన్నాడు శివరామకృష్ణయ్య.

“రెండూ ఒకే రోజు, ఒకదాని చోటికి ఒకటి అవుతాయా సార్?”

ఆయన నిట్టూర్చాడు. బసప్పను పిలిపించారు. రాజశ్రీ అడిగింది: “మామా, పోయి చూసిరా. గుంజలకు డబ్బాలు ఉండాయా, తాళాలు సరిగ్గా ఉండాయా, ఎవురన్నా పగలగొట్టినారా?”

బసప్ప వానలోనే పోయి వచ్చాడు. “అన్నీ ఉండాయమ్మా. తాళాలు గట్టిగా ఉండాయి. ఎవురూ పగలగొట్టల్యా” అన్నాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో.

డబ్బాల తాళంచెవులు రెండే జతలు. ఒకటి బసప్ప దగ్గర, ఒకటి చిదానంద దగ్గర. బసప్ప పేరు ఆమె ఫిర్యాదు కాగితం మీద రాయనేలేదు. చిదానంద పేరు రెండుసార్లు రాసింది. ఆ సాయంత్రమే అతని తాళాలు తీసుకుని, గేటు పాసు ఆపేశారు. అతను గొడవ చెయ్యలేదు. అది కూడా ఆమెకు అనుమానంగానే తోచింది. శని, ఆదివారాలు ఆమె అతని ల్యాప్‌టాప్‌లో ఏముందో, ఎప్పుడు లోపలికొచ్చాడో, ఎవరితో మాట్లాడాడో వెదుకుతూ కూర్చుంది. ఏమీ దొరకలేదు. దొరక్కపోతే మరింత తెలివైనవాడన్నమాట అనుకుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. దానికి మేత లేకపోయినా బలుస్తుంది.

ఆ మధ్యలో ఇంకొకటి జరిగింది. పాత మట్టిదిబ్బ మీది పదకొండో నంబరు డబ్బా రోజుకింత ఒరగడం మొదలుపెట్టింది. సోమవారం పొద్దుటికి దీపం పసుపురంగుకు తిరిగింది. మేనేజరుకు చూపిస్తే, “ఆ దిబ్బ కింద ఎవురూ లేరు గదా, పడితే పడనీ” అన్నాడు. నిజమే, అక్కడ మేకలు కూడా మేయవు. ఉత్తరం గోడ కిందే మనుషులున్నారు. నాలుగు రోజుల వానకు పూడిపోయిన కాలువ తీయడానికి రుద్రమ్మ, ఎనిమిదిమంది ఆడవాళ్ళు పొద్దున ఏడుకే అక్కడికి దిగారు. ఆ గోడ మీది నాలుగో నంబరు మాత్రం చక్కగా పచ్చగా ఉంది.

రాజశ్రీకి ఆ పచ్చదనం నచ్చలేదు. ఇన్ని వానలకు పాతదిబ్బే ఒరిగితే, ఎత్తయిన ఉత్తరం గోడ వెంట్రుకవాసి కూడా కదలదా? పది గంటలకు ఆమె గేటు దగ్గరికి వెళ్ళింది. పాసు కోసం చిదానంద మూడోరోజు కూడా వచ్చి, గేటు బయట టీ బంకు బల్లమీద కూర్చుని ఉన్నాడు.

“నిజం చెప్పు, ఏం చేసినావు?” అంది.

అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. “నేనేం చేసినానని అడుగుతాండావు, శుక్రవారం నుంచి. ఏం జరిగిందని ఒకసారన్నా అడిగినావా? సరే, చెప్పు.”

చెప్పకూడదనుకుంటూనే చెప్పింది. అతను టీ గ్లాసు పక్కన పెట్టాడు.

“సిమ్ మారల్యా, డబ్బా మారల్యా. నకలు తీసింటే ఒకే పేరుతో ఇద్దరు పలకాల. ఈడ ఇద్దరు పలకడం లేదు గదా మేడమ్. మారింది చోటు. నాలుగును తీసి పదకొండు గుంజకు, పదకొండును తీసి నాలుగు గుంజకు పెట్టినారు ఎవురో. డబ్బాకు కాళ్ళు ల్యావు, ఎవురో మోసుకుపోయింటారు.”

రాజశ్రీకి తాత తూము గుర్తొచ్చింది. తలుపు మీద ముద్ర చెదరలేదు. దొంగ గట్టుకు కన్నం పెట్టాడు. తను కూడా శుక్రవారం నుంచి తలుపు చుట్టూనే తిరుగుతోంది. చోట్లు మారి ఉంటే, పాతదిబ్బ ఒరగడం లేదు. ఒరుగుతున్నది ఉత్తరం గోడ.

ఒకవేళ కాకపోతే? చిదానంద కావాలనే చెబుతున్నాడేమో. ఇంకో పూట పని ఆపించి, ఇంకోసారి ఎలుగుబంటి బొచ్చు దొరికితే, ఆమెను ఇంటికి పంపించేస్తారు. వెళ్ళి కళ్ళారా చూసి వద్దామంటే జీపులో ఉత్తరం గోడ మీదికి అరగంట. పాసు ఆపించినందుకు పగ తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు కదా అని ఒక మనసు అంది. పగ తీర్చుకునేవాడు మూడురోజులు గేటు దగ్గర టీ తాగుతూ కూర్చుంటాడా అని ఇంకో మనసు అంది. జీవితంలో మొదటిసారి ఆమె తన అనుమానాన్ని అనుమానించింది.

నడుముకున్న చేతి ఫోన్ తీసింది. “రుద్రమ్మత్తా, అందర్నీ తీసుకుని బయటికి రా. పారలు, గంపలు ఆడనే ఇడిసిపెట్టు.”

అవతల పారల చప్పుడు ఆగింది. తర్వాత రుద్రమ్మ, “మళ్ళా కరడి వచ్చిందేమమ్మా?” అంది. వెనక ఆడవాళ్ళ నవ్వు వినిపించింది.

“వచ్చింది. పెద్దది. బిన్నా రాండి.”

నవ్వుతూనే వచ్చారు. రావడమే కావలసింది. ఎవరెలా నవ్వితే ఏం? శివరామకృష్ణయ్య ఫోన్ చేసి అరుస్తుంటే ఆమె ఫోన్ తీయకుండా జీపెక్కింది. పక్కన బసప్పను కూర్చోబెట్టుకుంది. దారి పొడుగునా ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

ఉత్తరం గోడ మీద గుంజకు డబ్బా భద్రంగా ఉంది. తాళం ఉంది. గుంజ మీద పెయింటుతో 4 అని రాసి ఉంది. డబ్బా మీద నంబరు కాగితం ఉండేచోట నంబరు కనిపించలేదు. మూడు తెల్లటి విభూతి రేఖలు, నడుమ కుంకుమ బొట్టు. పైన రేకు గొడుగు ఉండటంతో వానకు కరిగిపోలేదు, చెమ్మకు సున్నంలా గట్టిపడ్డాయి. రాజశ్రీ బొటనవేలు ఉమ్మితో తడుపుకుని గట్టిగా రుద్దింది. ఒక ఒకటి వచ్చింది. దాని పక్కన ఇంకో ఒకటి.

గుంజ వెనక నేల పగిలి ఉంది. పగులులో అరచెయ్యి పడుతుంది. ఇద్దరూ వెనక్కి వెనక్కి నడిచి జీపు దగ్గరికి వచ్చారు.

“మామా, నువ్వేనా?” అంది.

“హౌదమ్మా, నేనే, పూజ రోజు.” బసప్పకు ఇంకా అర్థం కాలేదు. “టిప్పరుకు పూజ, పారకు పూజ, ఆఫీసులో కుర్చీకి కూడా పూజ చేస్తాండారు. ఏడాది పొడుగునా ఎండలో నిలబడి మన తలలు కాపాడేది ఈ డబ్బాలు. వీటికి ఒక బొట్టు పెట్టేవాళ్ళు ల్యారు. పన్నెండూ గంపలో పెట్టుకుని షెడ్డుకు తెచ్చి, తుడిచి, ఈభూతి పెట్టి, పూలేసి, నాలుగు కాకముందే మళ్ళా యాడివి ఆడనే కట్టినా.” ఆగాడు. డబ్బా వైపు, గుంజ వైపు చూశాడు. “నంబరు మీదనే పెట్టినానా?”

రాజశ్రీ తెల్లబడ్డ బొటనవేలు చూపించింది. ఆయన అక్కడే కూలబడి తలపట్టుకున్నాడు. “రుద్రమ్మ కిందనే ఉండె గదమ్మా” అన్నాడు చివరికి.

గోడ ఆ రోజు పడలేదు. శివరామకృష్ణయ్య వచ్చి పగులు చూసి, కాస్త వెలవెలబోయి, ఆమెను తిట్టకుండా వెళ్ళాడు. మంగళవారం పదకొండు గంటలకు, ఎండ బాగా ఉండగా, ఉత్తరం గోడ సగం దిగిపోయింది. కాలువ లేదు, పారలు లేవు, గంపలు లేవు. రుద్రమ్మ రొట్టెల గిన్నె కూడా లేదు. దూరంగా నిలబడి చూసిన ఆడవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. రుద్రమ్మ వచ్చి రాజశ్రీ చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

విచారణకు పేర్లు రాయమన్నారు. రాజశ్రీ ఈసారి చిదానంద పేరు రాయలేదు. ఆయుధపూజ నాడు గంటలు మూసింది రాజశ్రీ అని రాసింది. తెరిచాక, మూసిన ఏడుగంటల్లో ఏం మోగిందో చూడకుండా వదిలేసింది రాజశ్రీ అని రాసింది. గంటలు వినపడకపోయినా తెర లెక్క రాసి పెట్టుకుంది, అందులో పన్నెండు డబ్బాలూ ఒకదాని తర్వాత ఒకటి మోగి ఉన్నాయి. ఒక్కసారి చూసి ఉంటే చాలు, శుక్రవారమే తెలిసేది. లోకాన్నంతా శంకించిన మనిషికి తను మూసిన గంట మీద శంక రాలేదు. డబ్బాలను కదిలించింది బసప్ప అని కూడా రాసింది, ఎందుకు కదిలించాడో కూడా రాసింది. బసప్పకు హెచ్చరిక కాగితం వచ్చింది. ఆమెకూ వచ్చింది, ఇది రెండోది. ఉద్యోగం మాత్రం నిలిచింది, తొమ్మిదిమంది బతికి ఉన్నారు గనక. చిదానంద పాసు ఆమే స్వయంగా గేటు దాకా తీసుకెళ్ళి ఇచ్చింది. “తప్పయింది” అంది. అతను “సరి మేడమ్” అన్నాడు. క్షమించాడో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు, అడగదు కూడా.

బసప్ప వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. కాగితం ఇప్పించినందుకు కోపమేమో అనుకుంది. ఎనిమిదోరోజు మధ్యాహ్నం ఆయన కంట్రోల్ రూముకు వచ్చి, రుద్రమ్మ పంపిన రొట్టె బల్లమీద పెట్టి, నిలబడే ఉన్నాడు.

“ఒక మాట అడుగుతానమ్మా. ఊర్లో అందర్నీ అనుమానిస్తావు. ఆ పిల్లోణ్ణి చిదానందను మూడురోజులు గేటు బయట కూర్చోబెట్టినావు. నన్నేంటికి అనుమానించల్యా?”

“నిన్నెట్ల అనుమానిస్తా మామా?”

“తాళం ఉండాదా అని అడిగినావు, ఉండాదని చెప్పినా. నువ్వేమన్నా డబ్బా తీసినావా బసప్పా అని ఒక్క మాట అడిగింటే అప్పుడే చెప్పేటోణ్ణి. దాచేదేముండాది? నువ్వు అడగల్యా. నన్ను అడిగేదానికి నీకు మొహమాటం. ఆ మొహమాటంతో నా పెండ్లాన్ని సంపుకునేటోణ్ణి.”

రాజశ్రీ తలవంచుకుని ఏడ్చింది. రొట్టె చల్లారిపోయింది. బసప్ప ఏడుపు ఆపమనలేదు, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు, అయిపోయేదాకా.

ఇప్పుడు రోజూ పొద్దున ఎనిమిదికి, తెర పెట్టకముందే, ఆమె మొదటి ఫోను బసప్పకే.

“మామా, నిన్న ఏమేం ముట్టినావు?”

ఆయన గొంతు సవరించుకుని, ఏ గుంజ దగ్గర ఏం తుడిచాడో, ఏ బ్యాటరీ మార్చాడో మొదటినుంచి చివరిదాకా చెబుతాడు. చెప్పడం అయ్యాక, “ఇంగా అడుగమ్మా, ఏమన్నా మరిచినానేమో” అంటాడు. ఆమె మళ్ళీ మొదటినుంచి అడుగుతుంది.